బఫెలో నదిలో బెండు కట్టి స్మాల్‌మౌత్ చేప పట్టాం, పులుసు పెట్టుకున్నాం. తప్పేంటి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. పోయిన శని, ఆదివారాలు ఆర్కాన్సా రాష్ట్రం వెళ్ళొచ్చాం. నేను, మా బావమరిది, ఊరి నుంచి వచ్చిన మా నాన్న. శనివారం బుల్ షోల్స్ డ్యాం కింద వైట్ రివర్‌లో పడవ అద్దెకు తీసుకుని ట్రౌట్ చేపలు పట్టాం. ఆదివారం బఫెలో నదిలో కనూ వేసుకుని స్మాల్‌మౌత్ బాస్‌కి వెళ్ళాం. రెండు చోట్లా నీటి మీద తేలే బెండు, ఎరకి ఎర్ర (వానపాము). అంతే. లైసెన్సులున్నాయి, ట్రౌట్ పర్మిట్ ఉంది, కొలత పట్టీ పెట్టి చూశాకే చేపని ఉంచుకున్నాం.

బఫెలోలో మా నాన్న ఒక్కటే పట్టారు కానీ ఏం పట్టారండీ! నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒడ్డుకి దగ్గరగా, పడిపోయిన చెట్టు పక్కన కంకర మీద పళ్ళెమంత శుభ్రంగా ఊడ్చినట్టున్న గుంట చూపించి "అక్కడుంది చూడరా" అన్నారు. బెండు వెళ్ళి ఆ గుంట మీదకి రాగానే బుడుంగున మునిగింది. ఇంటికొచ్చి పులుసు పెట్టుకున్నాం. ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన "ఇలాంటివాళ్ళకి నదికి వచ్చే అర్హత లేదు" అని రాశాడు. నిబంధనల్లోనే ఉన్న చేపని తింటే అర్హత ఎందుకు పోతుందో చెప్పండి.

లిటిల్‌రాక్ లక్ష్మి:
పులుసులో మామిడికాయ వేశారా, చింతపండేనా?

వైట్‌రివర్ వాసు:
ఆ గ్రూపులో రాసింది నేను కాదు కానీ నా అభిప్రాయం చెప్తాను. మీరు శనివారం చేసినదానికీ ఆదివారం చేసినదానికీ చాలా తేడా ఉంది.

వైట్ రివర్‌లో ఒకప్పుడు స్మాల్‌మౌతే ఉండేది. 1951లో బుల్ షోల్స్ డ్యాం పూర్తయ్యాక రిజర్వాయరు అడుగు నుంచి చల్లటి నీళ్ళు కిందికి రావడం మొదలైంది. ఎండాకాలంలో కూడా కాలు పెడితే జివ్వుమంటుంది, తెలుసుగా. ఆ చలికి బాస్ నిలవలేదు. అందుకని నార్‌ఫోర్క్‌లో ఫెడరల్ హేచరీ పెట్టి ట్రౌట్ పిల్లల్ని పెంచి వదులుతున్నారు. అంటే మీరు పట్టిన రెయిన్‌బో ట్రౌట్ మన చెరువుల్లో వేసిన రాగండి, బొచ్చె లాంటిది. పట్టుకోమనే వదిలారు, లెక్క ప్రకారం తినండి. బఫెలోకి డ్యాం లేదు. కట్టాలని చూస్తే జనం అడ్డుకుని 1972లో దాన్ని జాతీయ నదిగా ప్రకటింపజేశారు. అందులోని స్మాల్‌మౌత్‌ని ఎవరూ తెచ్చి వేయలేదు. ఆ వాగుల్లో పన్నెండు అంగుళాలు ఎదగడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. మీ పులుసు ముక్కలు ఐదేళ్ళ నాటివి.

ఇంకో ప్రశ్న. గాలం పెదవికి పడిందా, గొంతులోకి దిగిందా?

శనివారం పోదాం:
వచ్చే శనివారం బుల్ షోల్స్‌లో నీళ్ళు ఎన్నింటికి వదులుతారో ఎవరైనా చెప్తారా? మొదటిసారి వెళ్తున్నాం.

గోదారిగట్టు:
వాసు గారూ, గొంతులోకే దిగింది. దిగాలి కదా? బెండు మొదటిసారి మునిగినప్పుడు లాగకూడదని మా నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. మొదటిది చేప రుచి చూడటం. పైకి తేలి రెండోసారి ఏటవాలుగా పక్కకి పోతే అప్పుడు ఎత్తాలి. జెల్లకైనా, కొర్రమేనుకైనా అంతే. జీలుగు బెండుతో నలభై ఏళ్ళు పట్టిన మనిషి ఆయన.

వైట్‌రివర్ వాసు:
అదే నేను అనేది. కూరకి పట్టేటప్పుడు అది సరైన పద్ధతే. వదిలేయాల్సిన చేపకి అది చావు. బెండు కదలగానే ఎత్తితే గాలం పెదవి మూలకి తగులుతుంది. మీరు రెండో మునక దాకా ఆగితే మొప్పల్లోకో పొట్టలోకో పోతుంది. అప్పుడు గాలం పీకితే లోపల చీలిపోతుంది. అలాంటప్పుడు దారం నోటి దగ్గరే కత్తిరించి వదిలితే బతికే అవకాశం ఎక్కువ. చిన్న చేప దొరికి ఉంటే మీరేం చేసేవారు? పీకేవారు. మీ నాన్నగారి అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఆయన పద్ధతి వదిలేసే చేపల కోసం పుట్టింది కాదు.

గోదారిగట్టు:
వదిలేసేదానికి పట్టడం ఎందుకండీ? నాకు అది అర్థం కాదు. దాని నోట్లో ముల్లు గుచ్చి, అరగంట ఆడించి, ఫోటో దిగి, "పోరా" అని వదిలితే దయ అవుతుందా?

డాలస్ బుజ్జి:
+1. మా అమ్మ కూడా ఇదే అడిగింది.

ఫ్లై ఫణి:
అసలు సమస్య బెండు దగ్గరే ఉంది. బెండు కట్టి ఎర్ర వేసి పడవలో కూర్చోవడం చెరువు గట్టు మీద చేసే పని. నది చేపకి ఫ్లై వేయాలి, అంటే ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఉత్తుత్తి ఎర. కొక్కెం కొనకి ఎదురు ముల్లు లేకుండా. నీటిని చదవడం నేర్చుకోవాలి. బెండుకి చదవడం ఏముంది? మునిగితే లాగడం.

గోదారిగట్టు:
ఫణి గారూ, మీ ఫ్లై పైన దారానికి గులాబీ రంగు బుడగ ఒకటి కడతారు కదా, ఇండికేటర్ అంటారు. అది మునిగితే లాగుతారు కదా. దాన్ని మా ఊళ్ళో బెండు అంటారు.

లిటిల్‌రాక్ లక్ష్మి:
😂😂

ఫ్లై ఫణి:
ఇండికేటర్ వేరు, బెండు వేరు. బరువు వేరు, ఎరను మోసే తీరు వేరు. ఇది తెలియకుండా మాట్లాడకండి.

గోదారిగట్టు:
నీటి మీద తేలుతుంది. చేప కొరికితే మునుగుతుంది. ఇంకేం కావాలి?

ఫ్లై ఫణి:
పడవకీ కొబ్బరికాయకీ కూడా ఆ లక్షణాలే ఉన్నాయి. నేను పదిహేనేళ్ళుగా ఫ్లై వేస్తున్నాను, నాకు నేర్పకండి.

టల్సా తాత:
పిల్లలూ, కాస్త ఆగండి. ఇక్కడివాళ్ళు "ఫ్లోట్ ఫిషింగ్" అంటే మీ బెండు గురించి కాదు. పడవని ప్రవాహానికి వదిలేసి రోజంతా కిందికి పోతూ చేపలు పట్టడం. 1930ల్లో మిజోరీలోని బ్రాన్సన్‌లో జిమ్ ఓవెన్ అనే ఆయన దాన్ని పెద్ద వ్యాపారంగా నడిపాడు. అడుగు చదునుగా ఉండే పొడవాటి జాన్ బోట్లు, వెనక తెడ్డుతో ఒక మనిషి, రాత్రికి ఇసుక మేట మీద వంట. పట్టిన బాస్‌ని అక్కడే పెనంలో వేయించేవాళ్ళు. 1958లో టేబుల్ రాక్ డ్యాం వచ్చి ఆ దారి మూసేసింది. ఆ తెల్లవాళ్ళు తిన్నప్పుడు ఎవరూ అర్హత అడగలేదు లెండి.

ఇక బెండుకి చదవడం ఏముందన్నావు ఫణీ. నదిలో పైన నీరు వేగంగా పోతుంది, అడుగున నెమ్మదిగా పోతుంది. బెండు పైన, ఎర కింద. వదిలేస్తే బెండు ఎరను ఈడ్చుకుపోతుంది, చేప దాన్ని చూసి పక్కకి తిరుగుతుంది. అందుకే దారాన్ని ఎగువకి తిప్పి వేసి, బెండుని కాస్త పట్టి ఉంచినట్టు నడపాలి. ఎర అడుగుకి జానెడు పైన, సీసపు గుళ్ళు ఒకేచోట కాకుండా దూరం దూరంగా. బెండు కొన ఎగువకి వాలి ఉందంటే నీ ఎర ముందుగా వెళ్తోందని అర్థం, అలా ఉండాలి. పడవ కూడా అదే వేగంతో పోతుంటే బెండు పడవ పక్కనే నిలబడ్డట్టుంటుంది. అరమైలు అలా పోవచ్చు. ఒడ్డున నిలబడి ఫ్లై వేసేవాడికి అది దొరకదు.

ఫ్లై ఫణి:
తాతగారూ, పెద్ద చేపలు ఎర్రకి పడవు. ఇది ఒప్పుకోండి.

టల్సా తాత:
1992లో లిటిల్ రెడ్ నదిలో 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్ దొరికింది. చాలా ఏళ్ళు ప్రపంచ రికార్డు అదే. నాలుగు పౌండ్ల బరువు ఆపే దారం, చిన్న జిగ్, అంటే సీసపు తల ఉన్న ఉత్తుత్తి ఎర. ఫ్లై రాడ్డు కాదు.

ఫ్లై ఫణి:
జిగ్ ఎర్ర కాదు.

టల్సా తాత:
ఫ్లై కూడా కాదు నాయనా.

శనివారం పోదాం:
నీళ్ళ సంగతి ఎవరైనా...

ఫ్లై ఫణి:
సరే, నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. రెండేళ్ళ క్రితం మా ఊరి దగ్గర చెరువులో మనవాళ్ళు నాలుగు కుటుంబాలు వచ్చి కూలర్ నిండా చేపలు నింపారు. చిన్నవి, పెద్దవి, లెక్కాపత్రం లేదు. వార్డెన్ వచ్చి జరిమానా రాశాడు. ఎవరో ఫోటో తీసి ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. సోమవారం ఆఫీసులో నా పక్క సీటువాడు ఫోన్ చూపించి "మీవాళ్ళేనా?" అని నవ్వుతూ అడిగాడు. నాకు ఎక్కడైనా దాక్కుంటే బాగుండనిపించింది. అప్పటి నుంచి నేను నదికి వెళ్తే నన్ను చూసే చూపు మారింది. ముల్లు లేని కొక్కెం పెట్టుకుని, పట్టిన ప్రతి చేపనీ వదిలి, అందరికీ కనిపించేలా వదిలి, వాళ్ళ నమ్మకం సంపాదించుకున్నాను. మీరొచ్చి పులుసు ఫోటో పెడితే అదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఎలా ఉంటుందో ఆలోచించండి.

గోదారిగట్టు:
అదీ సంగతి. చేప గురించి కాదన్నమాట.

కూలర్ నింపినవాళ్ళు తప్పు చేశారు, జరిమానా కట్టారు. నేను ఒక్క చేప, కొలిచి, లైసెన్సుతో. వాళ్ళ లెక్క నా మీద ఎందుకు వేస్తారు? మీ పక్క సీటువాడు నవ్వాడని మా నాన్న పులుసు తినకూడదా?

ఇంకా విప్పి చెప్తాను. మాది కోనసీమలో కాలవ పక్క ఇల్లు. కూర లేనిరోజున నాన్న గాలం పట్టుకుని వెళ్ళేవారు, దొరికిందే కూర. హాస్టల్లో నేను గదిలోకి రాగానే కిటికీ తెరిచి "చేపల వాసన వస్తోంది" అన్నవాళ్ళు మన తెలుగువాళ్ళే. ఇప్పుడు అదే రకం మనుషులు ఎనిమిది వందల డాలర్ల రాడ్డు కొనుక్కుని వచ్చి చేప పట్టడం కళ అని నాకు చెప్తున్నారు. అప్పుడు వాసన, ఇప్పుడు కళ. మధ్యలో మేము పట్టింది ఏంటో మరి.

డాలస్ బుజ్జి:
అన్నా...

ఫ్లై ఫణి:
నేను అలాంటివాణ్ణి కాదు. నా గురించి మీకేం తెలుసు? కులం ఇక్కడికి ఎందుకు తెచ్చారు?

గోదారిగట్టు:
నేను కులం అనలేదు. మీరే అన్నారు.

లిటిల్‌రాక్ లక్ష్మి:
ఇద్దరూ కాసేపు ఫోన్లు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగండి. ఫణి గారూ, మా ఆయన కూడా మీలాగే పార్కులో టిఫిన్ బాక్సు తెరవడానికి అటూ ఇటూ చూస్తాడు. అది మన భయం, చేపది కాదు.

వైట్‌రివర్ వాసు:
గోదారిగట్టు గారూ, ఫణి చెప్పింది నా మాట కాదు. ఎవరు చూస్తున్నారన్నది నాకు అనవసరం. కానీ మీ మొదటి పోస్టు మళ్ళీ చదివాను. కంకర మీద పళ్ళెమంత ఊడ్చిన గుంట అన్నారు. పడిపోయిన చెట్టు పక్కన. మే నెల.

అది గూడు అండీ. నీరు అరవై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చాక మగ స్మాల్‌మౌత్ తోకతో కంకర ఊడ్చి గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగది ఒక్కటే కాపలా కాస్తుంది, పిల్లలు ఈదేదాకా కదలదు. మీ ఎర్రని అది ఆకలేసి పట్టుకోలేదు, గుడ్ల మీదకి ఏదో వచ్చిందని కొరికింది. అది గూడు వదిలిన కాసేపటికే చుట్టుపక్కల చిన్న సన్‌ఫిష్‌లు వచ్చి గుడ్లన్నీ తినేసి ఉంటాయి. మీరు పట్టింది ఒక్క చేప కాదు. లైసెన్సులో ఇది రాసి ఉండదు, కొలత పట్టీకి తెలియదు.

గోదారిగట్టు:
(రెండు రోజుల తర్వాత)
వాసు గారూ, గూడు సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఎవరైనా "అర్హత లేదు" అనే బదులు ఇది చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నాన్నకి చదివి వినిపించాను. చివరిదాకా విని నవ్వారు. "గూడని నాకు తెలుసురా. కొర్రమేను కూడా అంతే, ఎర్రగా పిల్లలు గుంపుగా తేలుతుంటే కింద తల్లి ఉంటుంది. అందుకే కదా తేలిగ్గా దొరికేది" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆయనే, "పిల్లల మీదున్నది పట్టినరోజు మా అమ్మ ముక్క ముట్టేది కాదు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు" అన్నారు.

జూన్ ఆఖర్లో మళ్ళీ వెళ్తున్నాం. గూళ్ళు అప్పటికి అయిపోతాయా? బెండు మాత్రం మార్చను. ఫణి గారికి అది ముందే చెప్తున్నా.

వైట్‌రివర్ వాసు:
చాలావరకు అయిపోతాయి. ఊడ్చిన గుంట కనిపిస్తే మాత్రం దాటి వెళ్ళండి. బెండు మొదటి మునకకే ఎత్తి చూడండి, ఈసారికి.

గోదారిగట్టు:
మొదటి మునకకి ఎత్తితే నాన్న నన్ను నీళ్ళలోకి తోస్తారు.

ఫ్లై ఫణి:
ఇండికేటర్ బెండు కాదు. అంతే.

శనివారం పోదాం:
రేపే శనివారం అండీ.

టల్సా తాత:
నాయనా, ముందురోజు సాయంత్రానికి కరెంటు షెడ్యూలు నెట్‌లో పెడతారు, ఏ గంటకి ఎంత ఉత్పత్తి అని. చూసుకుని వెళ్ళు. కానీ దాన్నే నమ్ముకోకు, చెప్పకుండా కూడా మారుస్తారు. అక్కడ కరెంటు తీసే టర్బైన్లు ఎనిమిదున్నాయి. అవి తిరగడం మొదలైతే మోకాలి లోతున్నది నిలువెత్తు అవుతుంది. డ్యాం దగ్గర సైరన్ వినిపించినా, గులకరాయి మీద తడి గీత పైకి జరుగుతున్నట్టు కనిపించినా, బెండు ఎక్కడుంటే అక్కడే వదిలేసి గట్టెక్కు.