బ్యాకప్ ‘పూర్తయింది’ అంటుంది, డీ డ్రైవ్‌లో ఫైల్ ఉండదు. ఒకే సిస్టమ్‌లో విండోస్, ఉబుంటు

మిర్యాలగూడ డీటీపీ:

అన్నలకు నమస్తే. సాగర్ రోడ్డులో నాది చిన్న డీటీపీ షాపు. లగ్గం కార్డులు, రైసు మిల్లుల బస్తాల లేబుళ్లు, ఫ్లెక్సీలు చేస్తుంటాను. ఉన్నది ఒక్కటే సిస్టమ్, అందులో రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు). అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ 10 ఉంచుకున్నాను, వైరస్ భయానికి దానికి నెట్ ఇవ్వను. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, మెయిళ్లు, ఇంక్‌స్కేప్ డిజైన్లు అన్నీ ఉబుంటులోనే. 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో రెండూ ఉన్నాయి, ఉబుంటు వాటా 60 జీబీ. విడిగా 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది, అదే డీ డ్రైవ్, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్.

ఉబుంటు ఆన్ చేసిన పది నిమిషాలకు నా జాబ్స్ ఫోల్డర్ డీ డ్రైవ్‌లోకి కాపీ అయ్యేలా మా మేనల్లుడు ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో స్క్రిప్టు రాసిపెట్టాడు. ఫోల్డర్ 19 జీబీ ఉంటుంది. వాడికిప్పుడు బెంగళూరులో ఉద్యోగం, ఫోన్ చేస్తే "మామా, మీటింగ్‌లో ఉన్నా" అంటాడు.

మంగళవారం ఒక లగ్గం కార్డు డిజైన్ చేశాను. పెళ్లివాళ్లు తాత పేరు రెండుసార్లు మార్పించారు. బుధవారం పొద్దున లాగ్ చూస్తే బ్యాకప్ ‘పూర్తయింది’ అని ఉంది. శుక్రవారం పాత ఫోల్డర్లు ఊడుస్తూ ఈ కార్డు కూడా ఊడ్చేశాను, షిఫ్ట్ పట్టుకుని మరీ, ట్రాష్‌లో కూడా మిగలకుండా. బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా విండోస్‌లోకి పోయి డీ డ్రైవ్ తెరిస్తే ముందు వారం ఫైళ్లున్నాయి, ఇది లేదు. రీస్టార్ట్ చేసి ఉబుంటు నుంచి చూసినా లేదు. వారంలో ఒకట్రెండు రోజులు మాత్రం కాపీ సరిగ్గానే అవుతోంది. మరి మిగతా రోజులు లాగ్ అబద్ధం చెబుతోందా?

ఇంకో రెండు సంగతులు, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, రాత్రి 8కి అక్కడ పెట్టుకున్న వేరే బ్యాకప్ ఒక్కరోజూ నడిచిన పాపాన పోలేదు. ఇటు ఉబుంటు ‘డిస్క్‌లో జాగా తక్కువ’ అని మొత్తుకుంటోంది. 60లో 4 జీబీ మిగిలింది. ఏ ఫోల్డర్ చూసినా అంత పెద్దది కనబడదు.

ఆదివారం పెళ్లివాళ్లు ప్రూఫ్ చూడటానికి వస్తారు. టెన్షన్‌తో అన్నం పోవట్లేదు.

మెట్టుగడ్డ మానిటర్:

గడియారం సంగతి నేను చెప్తా. మదర్‌బోర్డు మీద ఉన్న గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన ఊరి టైమ్ అనుకుంటుంది. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, అందుకే ఆ తేడా. నెట్ ఇస్తే విండోస్ తనే సరిచేసుకునేది, మీరు ఇవ్వరు. మీకు రాత్రి 8 అయితే దానికి మధ్యాహ్నం రెండున్నర. దానికి 8 అయ్యేసరికి బయట అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర, షాపు షట్టర్ ఎప్పుడో దించేసుంటారు.

ఉబుంటు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొట్టండి, ఇద్దరూ ఒకే టైమ్ చూస్తారు. అది కొంచెం సణుగుతుంది, పట్టించుకోకండి.

కార్డు పోయింది కూడా ఈ టైమ్ తేడా వల్లే అయి ఉంటుంది. తేదీలు తారుమారై ఆర్‌సింక్ ఆ ఫైల్‌ని వదిలేసి ఉండాలి.

నల్లమల 64 బిట్:

గడియారం వరకు తమ్ముడు చెప్పింది కరెక్టే. కార్డు మాత్రం దానివల్ల పోలేదు. డీ డ్రైవ్‌లో లేని ఫైల్‌ని ఆర్‌సింక్ తేదీ చూసి వదలదు, లేకపోతే కాపీ చేయడమే దాని పని.

అన్నా, రెండు ప్రశ్నలు. రాత్రి షాపు మూసేటప్పుడు ఏ ఓఎస్‌లో ఉంటారు, ఎలా ఆపుతారు? ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే ఏ డ్రైవ్‌ని ఎక్కడ తగిలించాలో ఉబుంటు చూసుకునే ఫైల్‌లో, డీ డ్రైవ్ వరుసలో ఏముంది?

మిర్యాలగూడ డీటీపీ:

సాయంత్రం ప్రింట్లకు విండోస్‌లోకి పోతాను, రాత్రి అక్కడే షట్‌డౌన్. పొద్దున నేరుగా ఉబుంటు. ఎప్పుడైనా మధ్యాహ్నం అర్జెంటు ప్రింటు పడితే విండోస్‌లోకి పోయి రీస్టార్ట్‌తో మళ్లీ ఉబుంటుకి వస్తాను. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మా వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్3, డీఫాల్ట్స్, నోఫెయిల్ అని రాశాడు.

ఇప్పుడే లాగ్ తేదీలు సరిచూశాను. కాపీ సరిగ్గా అయినవన్నీ అలా మధ్యాహ్నం రీస్టార్ట్ కొట్టిన రోజులే!

నల్లమల 64 బిట్:

దొరికింది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు, తన కెర్నెల్‌ని (ఓఎస్ గుండెకాయని) డిస్క్‌లో దాచుకుని సగం నిద్రలోకి పోతుంది. డీ డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందని దాని లెక్క. పొద్దున ఉబుంటు వచ్చి అడిగితే, ఉబుంటులో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ల పని చూసే ఎన్‌టీఎఫ్‌ఎస్3 ఆ డ్రైవ్‌ని మౌంట్ చేయదు, అంటే దాని ఫోల్డర్‌కి తగిలించదు. రీస్టార్ట్ అయితే నిజంగా ఆగి మొదలవుతుంది, అందుకే ఆ రోజులు బాగున్నాయి.

ఇక నోఫెయిల్. డీ డ్రైవ్ రాకపోయినా పర్వాలేదు, సిస్టమ్ తెరుచుకో అని దాని అర్థం. తెరుచుకుంది. డీ డ్రైవ్ కూర్చోవాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ మిగిలింది. మీ స్క్రిప్టు 19 జీబీని అందులో పోసి ‘పూర్తయింది’ అని రాసుకుంది. గోదాముకు తాళం ఉంటే హమాలీ బస్తాలన్నీ వరండాలో దించి చీటీ రాయించుకుపోయినట్టు. లాగ్ అబద్ధం చెప్పలేదన్నా, కాపీ నిజంగానే అయింది, ఉబుంటు 60 జీబీలోనే అయింది. జాగా తక్కువ అని మొత్తుకునేదీ అందుకే. డీ డ్రైవ్ మౌంట్ అయిన రోజు ఆ ఫోల్డర్ మీద అది కూర్చుంటుంది కాబట్టి కింద ఉన్నది మీకు కనబడదు.

స్క్రిప్టులో డిలీట్ ఆప్షన్ (ఇక్కడ తీసేసినదాన్ని బ్యాకప్‌లోనూ తుడిచేది) లేకపోతే మీ కార్డు ఆ కిందనే ఉండాలి. డీ డ్రైవ్ అన్‌మౌంట్ చేసి అదే ఫోల్డర్ తెరవండి. ముందు కార్డు బయటికి తీసుకోండి. మిగతాది తుడిచే ముందు డీ డ్రైవ్ నిజంగా అన్‌మౌంట్ అయిందని రెండుసార్లు చూసుకోండి, లేదంటే అసలు బ్యాకప్‌నే తుడిచేస్తారు.

తర్వాత విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి పోండి. పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ ఉంటుంది. అది మసకగా ఉంటే పైనున్న అడ్మిన్ లింకు నొక్కితే కదులుతుంది. టిక్ తీసేయండి. డ్రైవ్‌ని ఫోర్స్ ఆప్షన్‌తో బలవంతంగా మౌంట్ చేయమని ఎవరైనా చెప్తే వినకండి, విండోస్ నిద్ర లేచాక ఫైల్ సిస్టమ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

దేవరకొండ స్టూడియో:

మీ స్క్రిప్టు తిరగేసి వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదవండి. నాకు డీ డ్రైవ్ నుంచి బయటి హార్డ్ డిస్క్‌కి బ్యాకప్ పోతుంది, అది కూడా డిలీట్ ఆప్షన్‌తో. ఒకరోజు ఇలాగే డీ డ్రైవ్ మౌంట్ కాలేదు. ఆర్‌సింక్ చూసింది, ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అక్కడా ఉండకూడదు అనుకుని బ్యాకప్ మొత్తం ఊడ్చింది. అసలు ఫైళ్లు డీ డ్రైవ్‌లో క్షేమంగానే ఉన్నాయి. కానీ ఈ సంగతి తెలియక, బ్యాకప్‌లో ఉన్నాయి కదా అని ఆ తర్వాత నేనే డీ డ్రైవ్ నుంచి తీసేసిన ఒక ఓణీల ఫంక్షన్ ఫొటోలు పోయాయి. ఆ ఇంటి ముందు నుంచి ఇప్పటికీ బండి మీద వెళ్లను, చుట్టు తిరిగి పోతా.

స్క్రిప్టులో మొదటి వరుసగా ‘మౌంట్‌పాయింట్’ కమాండ్‌తో తనిఖీ పెట్టండి, డ్రైవ్ లేకపోతే అక్కడే ఆగిపోవాలి. ఇంకో చిట్కా: డీ డ్రైవ్ అన్‌మౌంట్‌లో ఉండగా ఖాళీ చేసిన ఆ ఫోల్డర్‌కి ‘చాటర్ ప్లస్ ఐ’ కమాండ్ కొట్టండి, అది ఫోల్డర్‌కి తాళం వేస్తుంది. ఇక రూట్ యూజర్ (అన్ని అధికారాలున్న యూజర్) కూడా దాంట్లో ఏమీ రాయలేడు, డ్రైవ్ మాత్రం మామూలుగా మౌంట్ అవుతుంది. స్క్రిప్టు తప్పు చేయబోతే ఎర్రర్ కొట్టి ఆగుతుంది.

మిర్యాలగూడ డీటీపీ:

దొరికిందన్నా! అన్‌మౌంట్ చేసి ఫోల్డర్ తెరిస్తే కార్డు బార్డరుతో సహా అలాగే ఉంది. మిగతాది తుడిచాక ఉబుంటులో 23 జీబీ ఖాళీ చూపిస్తోంది. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. విండోస్ తెరుచుకోవడానికి ఇప్పుడు కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటోంది, ఆలోపు చాయ్ చెప్పుకుంటున్నా. చాటర్ చిట్కా కూడా చేశాను. కావాలని షట్‌డౌన్, పవర్ ఆన్ మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ డీ డ్రైవ్ వచ్చింది. గడియారం కూడా కుదిరింది, రాత్రి 8 బ్యాకప్ నిన్న మొదటిసారి నడిచింది.

మేనల్లుడికి ఈ కథంతా వాయిస్ మెసేజ్‌లో పంపాను. "నోఫెయిల్ నేను పెట్టానా?" అని అడుగుతున్నాడు.

పెళ్లివాళ్లు ఆదివారం వచ్చారు. తాత పేరు మళ్లీ మార్చమన్నారు.