చర్చ: ఉన్న చేను చాలదా, చెరువు తవ్వాల్సిందేనా?

లంకగట్టు:
మాది అమలాపురం పక్క పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోట, రెండెకరాల వరి చేను. అన్నదమ్ములం ఇద్దరం. చేను చెరువుగా తవ్వించి వనామీ రొయ్యలు వేద్దామని తమ్ముడు పట్టు పట్టాడు. నేను వద్దంటున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ గోదావరి నీళ్లు మన చేల గట్లదాకా వస్తున్నాయి. వానాకాలం సార్వా, ఆ తర్వాత దాళ్వా, రెండు వరి పంటలు పండుతున్నాయి. కొబ్బరి చెట్ల మధ్య కోకో, అరటి, కంద ఉన్నాయి. పొద్దున్నే తోటలోకెళ్లి ఏ కోకో కాయ పసుపు తిరిగిందో చూసుకుంటూ ఒక చుట్టు తిరిగొస్తే మనసు నిండిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసి నీళ్లు ఆపాక కాస్త తీరిక కూడా దొరుకుతుంది. ఇంత ఉండగా ఇంకా పరుగెందుకు? మీరేమంటారు?

రొయ్యల రైతు:
మీ తమ్ముడు చెప్పిందే సరైంది. నేను రాత్రంతా చెరువు గట్టు మీద ఉంటాను. కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి రొయ్యలన్నీ పైకి తేలతాయి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి, మేత మిగిలిందంటే చాలు, టెన్షన్ మొదలు. అయినా మా అమ్మాయి చదువు, ఇల్లు, అన్నీ ఆ చెరువు మీదే అయ్యాయి. వరి మీద అయ్యేవా? అసలు దాళ్వాలో మీకు ఎకరానికి ఎన్ని బస్తాలు?

లంకగట్టు:
నలభై అయిదు.

కాలువ శివారు:
నలభై అయిదా! మాకు ముప్పై అయిదు దాటితే గొప్ప. డెబ్భై అయిదు కిలోల బస్తాయేనా మీరు చెప్పేది?

లంకగట్టు:
డెబ్భై అయిదేనండి. మాకు కాలువ దగ్గర.

రొయ్యల రైతు:
ఎంతైనా రాసుకోండి. ఖర్చులు పోను చేతికొచ్చేదెంతో చెప్పండి.

కాలువ శివారు:
మీ రాబడి సరే, మా నష్టం ఎవరిస్తారండీ? మా చేను పక్కన చెరువు తవ్వారు. గట్టు వార రెండు మడుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని పాలచౌడు తేలింది. ఊడ్చిన నారు వేరు పట్టలేదు, ఆకు కొసలు తెల్లబడి ఎండిపోయాయి. చెరువాయన్ని అడిగితే కోర్టుకెళ్లమన్నాడు. అప్పటిదాకా వాళ్లింట్లో పెళ్లికి మేం, మా ఇంట్లో పెళ్లికి వాళ్లు. ఇప్పుడు మాటల్లేవు.

రొయ్యల రైతు:
ప్రతిదానికీ చెరువేనా? డ్రెయిన్లలో పూడిక తీయక సముద్రం పోటుకి ఉప్పునీరు ఎగదన్నుతోంది. ముందు అది చూడండి.

కాలువ శివారు:
డ్రెయిను మా చేనుకి ఆమడ దూరం. చెరువు జానెడు దూరం.

భాగ్యనగరం నుంచి:
దయచేసి చేలు చెరువులు చేయకండి. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతరకి వచ్చినప్పుడు ఆ పచ్చదనం చూస్తేనే మాకు ప్రాణం లేచొస్తుంది. అదే నిజమైన ఆస్తి.

రొయ్యల రైతు:
కనుమ రోజు వచ్చి చూసి వెళ్లడానికి మేం ఏడాదంతా అప్పుల్లో ఉండాలా? ఉన్నదాంతో తృప్తి పడమనే వాళ్లకి నెలనెలా జీతం పడుతుంది.

ఆడపడుచు:
తోటలో తిరిగొచ్చే తీరిక ఉందన్నారు. తిరిగొచ్చేసరికి టిఫిను ఎవరు సిద్ధం చేస్తున్నారో వాళ్లనీ అడగండి, తృప్తిగా ఉందో లేదో.

కౌలు మనిషి:
లంకగట్టు గారూ, ఒక్క మాట. ఆ రెండెకరాలు దున్నేది మీరేనా, కౌలుకిచ్చారా?

లంకగట్టు:
కౌలుకే. మా నాన్నగారి కాలం నుంచీ ఒకే కుటుంబం చేస్తోంది. బాగానే చూసుకుంటున్నాం. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

కౌలు మనిషి:
సంబంధం ఉందండి. ఇంతసేపూ మీ తృప్తి గురించి, ఆయన రాబడి గురించి మాట్లాడుకున్నారు. చేలోకి దిగేవాడి పేరు ఎక్కడా రాలేదు. నలభై అయిదు బస్తాలు పండించింది అతను. కాలువ కట్టేస్తే మీకు తీరిక, మాకు ఉపాధి హామీలో మట్టి పని. సార్వా ముంపులో పోయిన ఏడు నేను పెట్టుబడి మొత్తం పోగొట్టుకున్నాను, మా భూస్వామి కౌలు ఒక్క బస్తా తగ్గించలేదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని పంట విరామం ప్రకటించినప్పుడు భూమి ఉన్నవాళ్ల కష్టం దేశమంతా తెలిసింది. ఊడ్పులు లేక మా ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఎవరూ అడగలేదు.

చెరువు వద్దనే నేనూ అంటాను. చెరువైతే ఊడ్పు లేదు, కలుపు లేదు, కోత లేదు. మీ కౌలుదారు బయటికి పోవాలి. మీ తమ్ముడికి చెప్పాల్సింది అది. కోకో కాయల సంగతి కాదు.

లంకగట్టు:
కోపంతో రాస్తున్నారు. మేం ఎవరినీ వెళ్లగొట్టే మనుషులం కాదు.

కౌలు మనిషి:
అయితే అతనికి కౌలు కార్డు ఉందా? 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే ఒప్పందం మీద మీ సంతకం ఉండాలి.

లంకగట్టు:
లేదు. సంతకం పెడితే భూమి పోతుందని నాన్నగారి భయం.

కౌలు మనిషి:
అది పదకొండు నెలల ఒప్పందం. భూమి మీ పేరు మీదే ఉంటుంది. కార్డుంటే అతను పంట రుణం అడగగలడు, పంట పోతే పరిహారం అడగగలడు. కార్డు లేకపోతే వడ్డీ వ్యాపారే దిక్కు.

రొయ్యల రైతు:
భూమి ఆయనది, ఏం చేసుకోవాలో ఆయన ఇష్టం. మధ్యలో మీ చట్టాలేంటి?

కౌలు మనిషి:
మీతో కాదండి నేను మాట్లాడేది.

లంకగట్టు:
ఆ రెండెకరాల మీద తమ్ముడి సంతకం కూడా కావాలి. వాడు పెట్టడు.

కౌలు మనిషి:
మీ వాటా ఎకరానికి మీరు పెట్టండి. సార్వాకి ముందే పెట్టండి.