అంగిలి నుంచి ముక్క తీసిన చోట తెల్లటి పొర కట్టింది: అది చీము పట్టడమా, గీకి తీసివేయాలా?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. నా పుట్టినిల్లు టెక్కలి, మెట్టినిల్లు పర్లాకిమిడి. మా అత్తగారికి 61 ఏళ్లు. వయసులో ఉన్నప్పటి నుంచీ నిప్పు ఉన్న కొసను నోటిలోపలికి పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆమెకు ఉంది. ఈ నాలుగైదేళ్లుగా పొద్దున్నే గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకోవడం కూడా తోడైంది. అంగిలి మీద రూపాయి బిళ్లంత తెల్లని మచ్చ, దాని నడుమ ఎర్రని పుండు కనిపించడంతో, మూడు రోజుల కిందట ఒక ఆసుపత్రిలో మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కుట్లు వేయలేదు. రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు. వైద్యుడు ఒడియాలో త్వరత్వరగా చెప్పిన జాగ్రత్తలు నాకు సగమే అర్థమయ్యాయి, రాసిన కాగితం ఏదీ ఇవ్వలేదు. మా ఆయన సూరత్‌లో పనిలో ఉన్నారు కనుక ఇంట్లో అన్నీ నేనే చూసుకోవాలి.

నిన్న టార్చి వేసి చూస్తే ముక్క తీసిన గుంట మీద తెలుపూ పసుపూ కలిసిన పొర కనిపించింది. పక్కింటి పెద్దావిడ అది చీమేనని, గుడ్డతో తుడిచేసి పసుపూ నెయ్యీ రాయమని అంటున్నారు. కత్తి తగిలిన పుండు తొందరగా పాకిపోతుందని కూడా ఆవిడ అనడంతో మా అత్తగారు అన్నం మానేసి, పరీక్షకు ఎందుకు ఒప్పుకున్నానా అని కూర్చుంటున్నారు. నేను ఇప్పుడు ఏం చేయాలో దయచేసి చెప్పండి.

జవాబు (బరంపురం, దంత వైద్య విభాగంలో 14 ఏళ్లుగా నర్సు)

అమ్మా, ముందుగా ఆ పొరను ముట్టుకోకండి. బయటి చర్మం మీద గాయానికి పొక్కు కట్టినట్టే, ఎప్పుడూ తడిగా ఉండే నోటిలో గాయం మీద రక్తంలోని ఫైబ్రిన్ అనే పదార్థం ఇలా తెల్లగా, ఒక్కోసారి పసుపుపచ్చగా పొర కడుతుంది. దాని కిందనే కొత్త కండ పుడుతుంది. గుడ్డతో తుడిస్తే మానుతున్న గాయం మళ్లీ మొదటికి వస్తుంది, రక్తమూ కారుతుంది. చీము అయితే ఒత్తినప్పుడు చిక్కగా కారుతుంది, నోరు దుర్వాసన వేస్తుంది, చుట్టూ వాపు రోజురోజుకూ పెరుగుతుంది, జ్వరమూ రావచ్చు. మీరు రాసినదానిలో ఇవేవీ లేవు.

కుట్లు వేయకపోవడం నిర్లక్ష్యం కాదు. అంగిలి చర్మం ఎముకకు బిగుతుగా అంటుకొని ఉంటుంది కనుక అంచులను దగ్గరకు లాగి కుట్టడం చాలాసార్లు కుదరదు. ఆ గుంట అడుగు నుంచి పైకి తనంతట తాను పూడుతుంది, అందుకు రెండు మూడు వారాలు పడుతుంది.

ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు కూడా ఆమె చేత నోరు కడిగించండి. గట్టిగా పుక్కిలించనక్కరలేదు, నీటిని నోట్లో పట్టి తలను అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా గిన్నెలోకి జారవిడిస్తే చాలు. క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్లు రాసి ఉంటే వాటిని రోజుకు రెండుసార్లు, పేస్టుతో తోముకున్న అర గంట తరువాత వాడాలి; వాటివల్ల పళ్ల మీద గోధుమ రంగు పడితే కంగారు పడకండి, అది తరువాత పోతుంది. మిగతా పళ్లను మెత్తని బ్రష్షుతో తప్పక తోమించండి. పసుపు, నెయ్యి, సున్నం, లవంగ నూనె, వేప పుల్ల ఏవీ ఆ గాయం దగ్గరకు రాకూడదు.

నొప్పికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రను ఆరు గంటలకు ఒకటి చొప్పున ఇవ్వవచ్చు. కాలేయ జబ్బు ఉంటే మాత్రం ముందు వైద్యుడిని అడగండి. నొప్పి కోసం ఆస్పిరిన్ వేయకండి, దానితో రక్తం కారడం ఎక్కువవుతుంది. అయితే గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు ఇప్పటికే వాడుతున్నట్లయితే, వాటిని మీ అంతట మీరు ఆపకండి.

ఎప్పుడైనా రక్తం కారితే, శుభ్రమైన గాజు గుడ్డను నాలుగు మడతలు పెట్టి తడిపి, బొటనవేలితో అంగిలికి ఆనించి 20 నిమిషాలు కదపకుండా ఒత్తి పట్టండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డ కట్టదు. అలా ఒత్తినా ఆగకపోయినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది అయినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. అంగిలిలో పెద్ద రక్తనాళం ఉంది కనుకనే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

కత్తి తగిలితే పాకుతుందనే భయం నేను ప్రతి వారమూ వింటాను. ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. అది ఏ జబ్బో తెలియకుండా వైద్యం మొదలుపెట్టడం ఎవరి తరమూ కాదు, ఆ భయంతో పరీక్షను నెలల తరబడి వాయిదా వేయడం వల్లనే నష్టం జరుగుతుంది. మచ్చలన్నీ క్యాన్సర్ కావని కూడా మీ అత్తగారికి చెప్పండి. చుట్ట, గుడాఖు రెండూ ఈ రోజు నుంచే ఆపాలి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను ముడిచి గాయం మానకుండా చేస్తుంది, పైగా అడ్డపొగ వేడి నేరుగా ఆ అంగిలికే తగులుతుంది. మానలేక సతమతమైతే 1800-112-356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మాట సాయం చేస్తారు.

జవాబు (గుణుపురం, రాయగడ జిల్లా)

చెల్లెమ్మా, తిండి గురించి నా అనుభవం చెబుతాను. నాకు కుడి బుగ్గ లోపల ముక్క తీశారు. మొదటి వారం చోడి (రాగి) అంబలిని పూర్తిగా చల్లార్చి, కొంచెం మజ్జిగ కలిపి చెంచాతో ఎడమ వైపు నుంచి తాగాను. మెత్తగా మెదిపిన పెరుగన్నం, పలచని పెసరపప్పు, అరటిపండు సులువుగా దిగాయి. పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) కూడా మంచిదే, అయితే బాగా పులిసింది గాయానికి మంట పుట్టిస్తుంది, పక్కన పచ్చడి నంజుకోవాలనే కోరికా కలుగుతుంది. మరమరాలు, అప్పడాలు, వేపుడు చేపలు వద్దు. గడ్డిపరకంత మరమరం అంచు గుచ్చుకుంటేనే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకొక మాట, ఇది నాకు గుండెలో గుచ్చుకునే మాట. రెండు వారాల్లో గాయం మానిపోయి, నొప్పి లేకపోవడంతో నేను నెలన్నర వరకూ రిపోర్టుకు వెళ్లనే లేదు. చివరకు తెచ్చుకుంటే తీవ్రమైన డిస్‌ప్లేసియా అని ఉంది, అంటే ఇంకా క్యాన్సర్ కాకపోయినా దాని గుమ్మం దగ్గర ఉందన్నమాట. తరువాత ఆ మచ్చను పూర్తిగా కోసి తీసేశారు. కత్తి గాటు మానడం వేరు, లోపలి మచ్చ సంగతి వేరు. మీరు మాత్రం రిపోర్టు తేదీని తప్పించకండి.

ప్రశ్న వేసిన వారు (రెండు రోజుల తరువాత)

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పొరను ముట్టుకోలేదు. ఈ రోజు పొద్దున చూస్తే అంచుల్లో పలచబడి గులాబీ రంగు కండ కనిపించింది. అత్తయ్య నిన్న రెండు గిన్నెల అంబలి తాగారు, రెండు రోజులుగా చుట్ట అడగలేదు. రిపోర్టుకు పది రోజులు ఎందుకు పడుతుంది, దాని కోసం నేనొక్కదాన్నే వెళితే సరిపోతుందా?

జవాబు (బరంపురం)

తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి, తరువాత మైనంలో దిమ్మగా పోసి, వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి, రంగు వేసి, అప్పుడు వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూస్తారు. సందేహం ఉంటే ఇంకో పరీక్ష కలుస్తుంది. అందుకే అన్ని రోజులు.

అత్తగారిని తప్పక వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే వైద్యుడు గాయాన్నీ, మెడలో గ్రంథులు వాచాయా అన్నదీ చేత్తో తాకి చూడాలి. రిపోర్టుతో పాటు ఆ పొరలు అతికించిన గాజు పలకలూ, ఆ మైనపు దిమ్మా అడిగి తీసుకోండి. రేపు మిమ్మల్ని కటక్‌కో విశాఖపట్నానికో పంపితే అక్కడివారు వాటినే అడుగుతారు, లేకపోతే మళ్లీ ముక్క తీయవలసి వస్తుంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే అదీ పట్టుకెళ్లండి. అర్థం కాని పదం ఉంటే ఇక్కడ అడగండి, పేరూ ఫోన్ నంబరూ కనిపించకుండా కప్పి ఫోటో పెట్టండి.

ప్రశ్న వేసిన వారు

గురువారం పొద్దున ఇద్దరమూ వెళుతున్నాము. ముక్క ఇచ్చిన రోజు చీటీని, కార్డును ఇప్పుడే సంచిలో పెట్టాను, దిమ్మ గురించి అడగాలని చీటీ వెనుక రాసుకున్నాను.