నునుపా, నుణుపా? తాత మాటలో సగం పోయింది

ఆత్మకూరు, పిడుల పని:
మంగలి కత్తులకు పిడులు చేస్తుంటాను. మా తాత పని ఇది. ఆయన దున్న కొమ్ముతో చేసేవాడు, నేను ఎక్కువగా చెక్కతో. పిడి రుద్దేటప్పుడల్లా ఆయన ఒక మాట అనేవాడు, చివరి సగమే గుర్తుంది: "...అడ్డం పోయి నిలువు రా, అప్పుడు పుడతాది నుణుపు." ముందు ఇంకో ముక్క ఉంది, పద్యంలా తూగేది. నెల రోజులుగా నాలుక చివరే ఆడుతోంది, బయటికి రావడం లేదు. మన వైపు ఎవరన్నా విన్నారా? ఇంకోటి, ఆయన 'ణ' స్పష్టంగా పలికేవాడు. రాసేటప్పుడు ఏది రాయాలి?

కావలి అక్క:
ఆ మాట వినలేదు తమ్ముడూ. రాయడానికి మాత్రం 'నునుపు' రాయి. నూనె రాస్తే వచ్చేది నునుపు, రెండూ ఒక ఇంటి మాటలే.

కందుకూరు మాస్టారు:
అమ్మా, నూనె జోలికి పోవద్దు. నూనె అంటే నువ్వుల నెయ్యి. అందులో 'నె' నెయ్యి తాలూకుది. కన్నడంలో ఈ మాట ఇప్పటికీ 'నుణుపు', తమిళంలో 'నుణ్' అంటే సూక్ష్మం. మూలంలో ఉన్నది ణకారమే. వాళ్ల కణ్ మనకు కన్ను, మణ్ మనకు మన్ను, వెణ్ణెయ్ మనకు వెన్న. నుణుపు కూడా ఆ దారినే నునుపు అయింది. తాతగారి నోట పాత రూపం మిగిలిందన్నమాట. మంచి సంగతి చెప్పావు నాయనా.

ఒంగోలు:
మాస్టారూ, మీ ఉదాహరణల్లో కన్ను, మన్ను, వెన్న అన్నీ ద్విత్వాలే. ణ్ణ ఉన్నచోట న్న అయింది, ఒప్పుకుంటాను. ఒంటి ణ అలా పోలేదు. వణుకు, గొణుగు, అణకువ చూడండి, ఎవరూ వనుకు, గొనుగు అని రాయరు. ఆ లెక్కన 'నున్నన'కు న, 'నుణుపు'కు ణ. తాత నూటికి నూరుపాళ్లు సరిగ్గా పలికాడు, అది పాత రూపం మిగలడం కాదు.

కందుకూరు మాస్టారు:
కనుపాప, కనుబొమ్మ, కనురెప్ప. ఒంటి న. కణుపాప అంటామా?

ఒంగోలు:
అది 'కన్ను' అయిపోయాక సమాసంలో తగ్గిన న. మొదటి నుంచీ ఒంటిగా ఉన్న దాన్ని ఒక్కటి చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఆత్మకూరు, పిడుల పని:
మాస్టారు చెప్పిన 'సూక్ష్మం' దగ్గర నేను ఆగిపోయాను. మా పనిలో జరిగేది అచ్చంగా అదే. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 240, 400, 800 దాటి 2000 దాకా పోతాం. నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నది. ఏ కాగితమైనా గీతలు పెట్టేదే. ముందు కాగితం పెట్టిన గీతను తర్వాతది చెరిపి, తన చిన్న గీత పెట్టి పోతుంది. అందుకే దిక్కు మార్చాలి. ఒకటి అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా, అప్పుడే పాత గీత మిగిలిందో లేదో కనపడేది. పిడిని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టి తిప్పితే, 120 వదిలేసిన గీత ఒక్కటున్నా తెల్ల వెంట్రుకలాగా మెరుస్తుంది. దాన్ని 800తో తీయబోతే రోజంతా రుద్దాలి, మళ్లీ 240కి దిగిరావాల్సిందే. ఆఖరుసారి మాత్రం నార వెంబడే. అంటే నున్నన అయిన పిడిమీద కూడా గీతలు ఉన్నాయి, కంటికి ఆననంత సన్నగా. నుణ్ అంటే అదే గదా!

కావలి అక్క:
ఇది చదివాక నా నూనె వాదన వదిలేశాను. మరి నీళ్లతో రుద్దుతారు కదా, అదేంటి?

ఆత్మకూరు, పిడుల పని:
కొమ్మునైతే తడి మీద వాటర్ పేపర్‌తో రుద్దుతామక్కా, వేడెక్కకుండా. ఒకసారి తొందరపడి మెరుగుపెట్టే బఫింగ్ చక్రానికి గట్టిగా ఆనించాను. జుట్టు కాలిన వాసన వచ్చింది, పిడి వంకర పోయింది. చెక్కకు వేరే కారణం. తడిగుడ్డతో తుడిస్తే అణిగిన నార పైకి లేస్తుంది, చేత్తో తాకితే పసిబిడ్డ చెంపమీద నూగులాగా ఉంటుంది. ఆరాక ఆ నూగును మాత్రం తీసేయాలి. రెండుసార్లు అలా చేస్తే తర్వాత చెయ్యి తడిగా ఉన్నా పిడి గరుకెక్కదు. గడ్డం గీసే చేతికి తడి ఎప్పుడూ ఉండేదే.

ఉదయగిరి:
మా ఊళ్లో చెక్క గరిటెలకూ ఇదే వరస. కాగితాలు రాకముందు బరింక ఆకుతో రుద్దేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు, ఆ ఆకు అంత గరుకు. నాకెప్పటినుంచో ఒక అనుమానం: అరగదీసే ఇనప ఫైలును 'ఆకురాయి' అనడం ఈ ఆకువల్లనేనా?

ఒంగోలు:
ఆకారం వల్ల అయ్యుండాలి. సన్నగా, పొడుగ్గా ఆకులా ఉంటుంది. కానీ ఇనుముకు 'రాయి' ఎందుకు తగులుకుందో చెప్పినవాళ్లకు దండం పెడతాను.

కందుకూరు మాస్టారు:
నునుపు అంటుంటే నాకు ఎర్రన తప్ప ఎవరూ గుర్తురారు. భారతంలో నన్నయ అరణ్యపర్వాన్ని 'శారదరాత్రులు' పద్యం దగ్గర వదిలేశాడు. ఎర్రన 'స్ఫురదరుణాంశురాగ' అని అదే శరత్తులో తెల్లవారేట్టు చేసి ఎత్తుకున్నాడు. మొదట నన్నయలా నడిచి, పోనుపోను తిక్కనకు దగ్గరవుతాడు. కృతి కూడా నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడి పేరుమీదే ఉంచాడు. మన పిడులాయన భాషలో చెప్పాలంటే ఒక్కసారి 120 నుంచి 2000కు దూకలేదు, వరసలో పోయాడు. అందుకే అతుకు చేతికి తగలదు.

ఒంగోలు:
అతుకు తగలదు అంటే నేను ఒప్పుకోను మాస్టారూ. 'స్ఫురదరుణాంశు' దగ్గరే గొంతు మారుతుంది. నన్నయ రాత్రిని చూస్తూ నిలబడతాడు, ఎర్రన పొద్దును కదిలిస్తాడు.

కందుకూరు మాస్టారు:
గొంతు మారితే అతుకు కనపడినట్టా? రెండు పద్యాలూ పైకి చదివి చూడు, మధ్యలో ఊపిరి ఆపకుండా.

కావలి అక్క:
చదివాను. నాకు ఆగాలనిపించలేదు.

ఉదయగిరి:
తిక్కన ఊసు పెద్దగా లేకుండా నెల్లూరోళ్లం ఎర్రన గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. ఆయన పదిహేను పర్వాల్లో నునుపో, నుణుపో ఏదో ఒకటి దొరక్కపోదు. విరాటపర్వం నుంచి మొదలుపెడతా.

ఒంగోలు:
అచ్చుపుస్తకంలో చూస్తే పరిష్కర్త పెట్టిన అక్షరం దొరుకుతుంది. ప్రాసలో పడ్డ చోటు వెతకండి. పద్యం నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ణ అయితే ఇక ఎవరూ మార్చలేరు.

ఆత్మకూరు, పిడుల పని:
దొరికితే ఇక్కడే పెట్టండన్నా. పొద్దున బిక్కి చెక్క పిడికి 400 పట్టిస్తుంటే తాత మాట ముందు ముక్కలో ఒక్క పదం తట్టింది. 'గరుకు' అని ఉంది అందులో. "గరుకు తోడు..." అనో, "గరుకు తోడ..." అనో. ఆ ఒక్క అక్షరం తేలడం లేదు.