ప్రెగాబాలిన్ 75 నుంచి 150కి పెంచమన్నారు: ఈ మోతాదును ఎలా అర్థం చేసుకోవాలి?

కాకినాడ కోడలు
మా మామగారికి 71 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. అరికాళ్ల మంటలకు, తిమ్మిర్లకు డాక్టరు గారు ప్రెగాబాలిన్ 75 మి.గ్రా., మిథైల్‌కోబాలమిన్ (ఒక రకం బి12 విటమిన్) కలిసిన గొట్టం మాత్రను రాత్రి భోజనం తరువాత వేసుకోమన్నారు. మంట కొంత తగ్గింది కానీ నిద్ర మధ్యలో ఇంకా లేచి కూర్చుంటున్నారు. ఇప్పుడు ఉదయం కూడా ఒకటి వేయమని రాశారు. పక్కింటాయన గాబాపెంటిన్ 300 వాడుతున్నారు, డల్లాస్‌లో మా ఆడపడుచు మామగారు ప్రెగాబాలిన్ రోజుకు 300 వాడుతున్నారు. వాళ్లతో పోలిస్తే మాది మరీ చిన్న మోతాదేమోనని ఇంట్లో అందరూ అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత మందులకొట్టు
అమ్మా, ముందుగా పక్కింటాయన లెక్కను పక్కన పెట్టండి. అది వేరే మందు. గాబాపెంటిన్‌లో 300 అనేది మొదటి మెట్టు మాత్రమే. పైగా దాని మోతాదు పెంచేకొద్దీ ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది: రోజుకు 900 మి.గ్రా. వేసుకుంటే సుమారు 60 శాతం పడుతుంది, 3600 వేసుకుంటే మూడో వంతు మాత్రమే పడుతుంది. ప్రెగాబాలిన్ ఎంత వేసుకున్నా 90 శాతానికి పైగా రక్తంలోకి చేరుతుంది కాబట్టి, దీనిలో రెట్టింపు అంటే నిజంగానే రెట్టింపు. ఇక అసలు సంగతి మూత్రపిండాలది. ఈ మందు కాలేయంలో దాదాపు విరగదు, ఉన్నది ఉన్నట్టుగా మూత్రంలోనే పోతుంది. మూత్రపిండాల పనితీరు తెలియడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ మామగారికి ఎంత, బరువు ఎంత?

కాకినాడ కోడలు
పోయిన నెల రిపోర్టులో క్రియాటినిన్ 1.6 ఉందండి. బరువు 58 కిలోలు.

పాత మందులకొట్టు
అయితే చూడండి. 140లోంచి వయసు తీసేస్తే 69, దాన్ని 58తో హెచ్చించి, 72ను 1.6తో హెచ్చించగా వచ్చిన 115తో భాగిస్తే సుమారు 35 వస్తుంది. మూత్రపిండాలు నిమిషానికి వడకట్టే సామర్థ్యానికి ఇది మిల్లీలీటర్లలో అంచనా. ఇది 30కి, 60కి మధ్య ఉన్నవారికి మామూలు మోతాదులో సగమే ఇవ్వాలని మందుతో వచ్చే సమాచార పత్రంలోనే ఉంటుంది. అంటే మామగారు వేసుకునే 75, మూత్రపిండాలు బాగున్నవారికి 150తో సమానం. ఇప్పుడు రాసిన 150 డల్లాస్ పెద్దాయన 300తో సమానం, ఆయన మూత్రపిండాలు బాగున్నాయనుకుంటే. షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికి అమెరికాలో అనుమతించిన గరిష్ఠ మోతాదు ఆ 300. దానిపైన ఉపశమనం పెరగకపోగా మత్తు, తూలడం పెరుగుతాయి. పెంచమన్న డాక్టరు గారి దగ్గర ఈ క్రియాటినిన్ రిపోర్టు ఉందో లేదో కనుక్కోండి.

అక్కి తరువాత
నాకు నడుము మీద అక్కి వచ్చి తగ్గిన తరువాత కూడా, చొక్కా తగిలితే చాలు భగ్గుమనేది. నాకు గాబాపెంటిన్ ఇచ్చారు: మొదటి రోజు 300 ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, ఆ తరువాత నెమ్మదిగా పెంచుతూ 1800 వరకు వెళ్లారు. ప్రతి మెట్టు దగ్గర ఒకటి రెండు రోజులు తల తిరిగేది, ఆపైన సర్దుకునేది. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపకూడదని, కనీసం వారం పట్టేలా దించుకుంటూ రావాలని డాక్టరు గట్టిగా చెప్పారు. గ్యాసుకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌కూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలని కూడా చెప్పారు, లేకపోతే మందు సరిగ్గా పట్టదట.

వనస్థలిపురం
కోడలు గారూ, మీ స్ట్రిప్పు వెనుక ఏమేమి రాసి ఉందో ఒకసారి చదవండి. మా నాన్నగారి మాత్రలో ప్రెగాబాలిన్ 75తో పాటు నరాల నొప్పికే ఇచ్చే మరో మందు నార్ట్రిప్టిలిన్ 10 కూడా ఉండేది. షాపువాళ్లు అయిదు మాత్రలు కత్తిరించి ఇవ్వడంతో మందుల పేర్లున్న సగం వాళ్ల దగ్గరే మిగిలిపోయింది. రోజుకు రెండు చేయగానే నార్ట్రిప్టిలిన్ కూడా రెట్టింపై, నోరు ఎండిపోయి, అసలే ప్రోస్టేటు ఉన్న మనిషికి మూత్రం బిగుసుకుపోయింది. కలిపిన మాత్రల్లో ఒక్క మందునే పెంచుకునే వీలు ఉండదు. మోతాదు కుదిరేదాకా విడి మందు రాయమని అడగడం నయం.

పాత మందులకొట్టు
మంచి మాట చెప్పారు. ఇంకొకటి: మోకాళ్ల కోసం ట్రమడాల్ గానీ, నిద్రమాత్ర గానీ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ కోవ మందులు వాటితో కలిస్తే, ముఖ్యంగా వృద్ధుల్లో, ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. పాదాల వాపు కూడా గమనించండి. షుగరు మాత్రల్లో పియోగ్లిటజోన్ ఉంటే వాపు, బరువు ఇంకా పెరుగుతాయి.

కాకినాడ కోడలు
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు రిపోర్టు పట్టుకుని వెళ్లాము. డాక్టరు గారు చూసి, రెండో మాత్ర కొట్టేసి, ఉదయం 25, రాత్రి 75 విడి ప్రెగాబాలిన్ రాశారు. పది రోజుల తరువాత పాదాలు చూపించమన్నారు, క్రియాటినిన్ మళ్లీ చేయించమన్నారు. రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని మరీ నిలబడమన్నారు. 25 మా వీధి షాపులో లేదు, రేపు తెప్పిస్తామన్నారు.