మస్తానమ్మా, మస్తాన్‌బీయా?

నిన్న ఒకరు 'బూబమ్మ' అంటే ఏమిటని అడిగారు. బూబు దక్కనీ ఉర్దూలో ఆడవాళ్లను గౌరవంగా పిలిచే మాట. దానికి మన 'అమ్మ' తగిలింది. వెంకన్న భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి కూడా అలాంటి పేరే. బీబీ ఫారసీ నుంచి వచ్చింది, నాంచారి తమిళ నాచ్చియార్. రెండిటికీ దొరసాని అనే అర్థం! ఉగాదికి దేవుని కడప గుడికి వెళ్లే ముస్లింలు ఆమెను తమ ఇంటి ఆడబిడ్డ అంటారు.

ఇక మా ఇంటి సంగతి. మాది పల్నాడు వైపు, నూర్‌బాషా ముస్లింలం. దూదేకుల, లద్దాఫ్, పింజారి అన్నా మేమే. బీసీ-బి జాబితాలో ఈ పేర్లన్నీ ఒకే వరుసలో ఉంటాయి. (దూది పింజలో ఉన్న పింజే పింజారిలోనూ ఉంది. దాన్ని తిట్టుగా వాడేవాళ్లు దూది పరుపు మీద పడుకోరు కాబోలు.)

మా నాయనమ్మ మస్తానమ్మ, మేనత్త నాగూరమ్మ. 'మనకు తురకం (ఉర్దూ) రాదమ్మా' అని నాయనమ్మ నవ్వుతూనే చెప్పేది. ఊళ్లో హిందువుల్లోనూ మస్తానమ్మలు, నాగూరమ్మలు ఉన్నారు. దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన పిల్లకు ఆ పేరే పెడతారు కదా. కాబట్టి 'అమ్మ' అని ఉంటే మతం తెలియదు. 'బీ' అని ఉంటే వినగానే తెలిసిపోతుంది.

అక్క పెళ్లప్పుడు ఇదే చిక్కొచ్చింది. మగపెళ్లివారు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. శుభలేఖలో నాయనమ్మ పేరు మస్తాన్‌బీ అని వేయించమన్నారు. తాత పేరు సైదులు. అదీ హిందువుల్లో బోలెడంతమందికి ఉన్న పేరే, అయినా దాని జోలికి ఎవరూ పోలేదు. మేం ముస్లింలమని చూపించే బాధ్యత ఆడవాళ్ల పేర్ల మీదే ఎందుకు పడిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. శుభలేఖ చదివి వినిపిస్తే నాయనమ్మ, 'ఈ మస్తాన్‌బీ ఎవరే?' అంది.

'బీ' తప్పని నేననను, మా అమ్మ పేరు ఖాసింబీ. 'అమ్మ' ఉంటే ముస్లిం పేరు కాదనడమే నాకు నచ్చదు.

కింద కామెంట్లలో ఒకరు 'మరి మీ పేరు?' అని అడిగారు. కాగితాల్లో చివర బేగం ఉంటుందండీ. ఇంట్లో బుజ్జమ్మనే.

సీమ వైపు వాళ్లు చెప్పండి, మీ దగ్గర దస్తగిరమ్మలు ఇంకా ఉన్నారా? ముసలివాళ్లు కాదు, బడికి వెళ్లే పిల్లల్లో.