జూలీ అండ్ ద ఫాంటమ్స్: తల్లిని పోగొట్టుకున్న పిల్లకు చూపించవచ్చా?

గుంటూరు పిన్ని
మా అక్క ఏడాది క్రితం కాలం చేశారు. ఆవిడ కూతురికి పదేళ్లు, ఇప్పుడు మా దగ్గరే పెరుగుతోంది. తోటిపిల్లలు చెప్పారని నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సిరీస్ చూస్తానని పట్టుబడుతోంది. దయ్యాల కథ అని, పైగా కథలోని అమ్మాయికి తల్లి లేదని విని వెనకాడుతున్నాను. పిల్లలతో కలిసి చూసినవారు మీ అనుభవం చెప్పండి.

ఇద్దరు ఆడపిల్లల నాన్న
దయ్యాల గురించి దిగులు పడకండి. 1995లో లాస్ ఏంజెలిస్‌లో పెద్ద కచేరీకి కాసేపటి ముందు, రోడ్డు పక్కన తిన్న హాట్‌డాగ్‌లు వికటించి చనిపోయిన ముగ్గురు బ్యాండు కుర్రాళ్లే ఈ కథలోని దయ్యాలు. వాళ్లు జూలీతో కలిసి వాయించినప్పుడు మాత్రమే అందరికీ కనిపిస్తారు. మా చిన్నది ఎనిమిదేళ్లది, నవ్వుతూనే చూసింది. కేలబ్ అనే ఇంద్రజాలికుడి దయ్యం వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

హనుమకొండ నుంచి ఒక అమ్మ
పై మాటతో ఏకీభవిస్తాను గానీ, మీ పాపకు కష్టమయ్యేది దయ్యాలు కాదు, పియానో. తల్లి పోయి ఏడాదైనా జూలీ సంగీతం జోలికి వెళ్లలేక, బడిలో సంగీత విభాగంలో తన చోటు కూడా పోగొట్టుకునే స్థితికి వస్తుంది. తల్లి తన కోసం రాసిపెట్టిన పాట దొరికాక, ఒంటరిగా కూర్చుని మొదటిసారి వాయిస్తుంది. మా వారు పోయిన ఎనిమిది నెలలకు మా అబ్బాయితో కలిసి చూశాను, అప్పుడు వాడికి పన్నెండేళ్లు. ఆ పాట దగ్గర వాడు రిమోట్ తీసుకుని ఆపేశాడు. నేనేమీ అనలేదు. కాసేపటికి వాడే "నాన్న గొంతు నాకు సరిగ్గా గుర్తు రావడం లేదమ్మా" అన్నాడు. అన్ని నెలలూ ఆ భయాన్ని వాడు ఒక్కడే మోశాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకొక ఘట్టం కూడా చెప్పాలి. ఆ కుర్రాళ్లలో లూక్ బతికుండగా తల్లితో పోట్లాడి ఇల్లు వదిలి వచ్చినవాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా అతని పుట్టినరోజున తల్లిదండ్రులు కేకు పెట్టుకుని కూర్చుంటే, వాళ్లకు కనిపించకుండా అతను పక్కనే నిలబడి చూస్తాడు. తద్దినం నాడు పోయినవారికి ఇష్టమైనది వండి విస్తట్లో వడ్డించే మనకు ఆ దృశ్యం పరాయిదిగా అనిపించదు. అక్కడ మా అబ్బాయి కన్నా నేనే ఎక్కువ ఏడ్చాను, వాడే నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఎనిమిదో తరగతి టీచరు
మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అని వయోవర్గాలు చూపించాలి. హింస, భాష, భయానక దృశ్యాల వంటివాటిని చూసి వేసే ఆ ముద్ర, మీ ఇంట్లో పోయిన ఏడాది ఏం జరిగిందో ఎరగదు కదా. అందుకే ముందు మీరొక్కరే మొదటి ఎపిసోడ్ చూడండి. తర్వాత పాపను ఫోన్‌లో ఒంటరిగా చూడనివ్వకుండా, టీవీలో పక్కన కూర్చుని చూడండి. ఒకే రోజు అన్నీ చూసేయవద్దు.

ఇద్దరు ఆడపిల్లల నాన్న
ఒక మాట మరిచాను. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ సిరీస్‌కు తొమ్మిది ఎపిసోడ్లే ఉన్నాయి. రెండో సీజన్ రాదని 2021 డిసెంబరులో తేలిపోయింది, కథ మాత్రం చిక్కుముడి దగ్గర ఆగింది. ఆత్మీయులను హఠాత్తుగా పోగొట్టుకున్న పిల్లలకు అది మరింత బాధ కలిగించవచ్చు కాబట్టి ముందే చెప్పి కూర్చోబెట్టండి.

గుంటూరు పిన్ని
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మొదటి ఎపిసోడ్ ఇద్దరం కలిసి చూశాము. పియానో దగ్గర నా వైపు తిరిగి, "పిన్నీ, అమ్మ ఫోన్‌లో అమ్మ పాడినవి ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. ఆ ఫోన్ బీరువాలో చీరల కింద ఉంది, ఇన్నాళ్లూ తీయడానికి నాకే ధైర్యం చాలలేదు. రాత్రి ఛార్జింగ్ పెట్టాము.